పీట కింది ముగ్గు

కరెంటు పోయింది. పోవడం కూడా ఎప్పుడు పోయిందంటే, కోత మిషను బిట్టు సరిగ్గా ముక్క నడిమధ్యలో ఉన్నప్పుడు, గిర్రున తిరుగుతున్నది తిరుగుతున్నట్టే నీరసించి ఆగిపోయి, కరిగిన యాక్రిలిక్ ప్లాస్టిక్‌లో బురదలో దిగబడ్డ గేదెలాగా అలాగే నిలబడిపోయింది, నేను స్విచ్చు రెండుసార్లు నొక్కి చూశాను, కరెంటు పోయిందని తెలిసి కూడా స్విచ్చు నొక్కి చూడని మనిషి ఎక్కడైనా ఉంటాడా. నయం, ఇది అసలు షీటు కాదు, పరీక్షకు పెట్టిన తుక్కు ముక్క. అసలు షీటు గోడకు ఆనించి ఉంది, విశాఖపట్నం నుంచి రైల్లో అరకు కొండలన్నీ ఎక్కి దిగి జగదల్‌పూర్ చేరింది, నా బొటనవేలంత మందం, రెండు పెళ్లి పీటలకు సరిగ్గా సరిపోతుంది, మూడో పీటకు చాలదు. చెడిపోతే ఇంకొకటి తెప్పించే వ్యవధి లేదు. పెళ్లి ఎవరికోసమూ ఆగదు. "కరెంటొచ్చే లోపల తేల్చండి, లేజరా, మీ మిషనా" అని చెప్పి మా ఆవిడ మహాలక్ష్మి వరండాలోకి వెళ్లింది, "వచ్చినంక మళ్ల ఆలోచన పెట్టుకోవద్దు" అని గుమ్మం దాటాక ఇంకోసారి అంది, రెండోసారి అన్నదంటే అది నాకు ఆజ్ఞ అన్నమాట.

మిషను ఆగాక ఊరు వినపడుతుంది. పక్క వీధిలో పిండిమర ఆగింది, ఎదురుగా వెల్డింగు ఆగింది, ఫ్యాన్లన్నీ ఆగాయి, వాన చినుకు రేకుల మీద, ఆ వెనకాల టక్కు టక్కుమని బాడిసెల చప్పుడు. దసరా రథం చెక్కుతున్నారు అక్కడ, పొద్దున్నుంచీ చెక్కుతూనే ఉన్నారు, అది మిషను మోతలో మాకు వినపడలేదంతే, వాళ్ల పనికి కరెంటుతో నిమిత్తం లేదు. వరండాలో మహాలక్ష్మి నేల తుడిచి ఆరబెట్టుకుని ముగ్గు మొదలుపెట్టింది, పీట కొలత ప్రకారం అసలు సైజులో. కిటికీలోంచి ఆమె వీపు, జడ కొస, కుడి మోచెయ్యి కనపడుతున్నాయి. బియ్యప్పిండి ఆమె వేళ్ల సందునుంచి జారడం చూడాలి, నేను ముప్ఫై ఏళ్లుగా గాజు కోస్తున్నాను, వజ్రపు మొన గీసే గీతకూ ఒక వణుకు ఉంటుంది, ఆమె గీతకు లేదు, ఒకచోట లావుగా ఒకచోట సన్నగా, పాట పాడేవాళ్లు ఊపిరి తీసుకున్నచోట తీసుకున్నట్టు. కోంటాలో పుట్టింది. చిన్నప్పుడు శబరి నది పొంగి ఇంట్లోకి వస్తే, వరద తీశాక గచ్చు మీద మిగిలిన ఒండ్రులో వేలితో ముగ్గులు వేసేదట, ఇంటిల్లిపాదీ ఏం పోయిందని వెతుక్కుంటుంటే ఈమె ముగ్గు వేసేదట. వాళ్లమ్మ ఇప్పటికీ ఆ మాట చెప్పి తిడుతుంది, తిడుతూ నవ్వుతుంది. నేను ఆ మాట విన్నప్పుడల్లా ఆ పిల్లను పెళ్లి చేసుకున్నది నేనేనా అని ఒకసారి ఆశ్చర్యపోతాను.

ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ల పెళ్లి ఎక్కడైనా సరే, భోపాల్‌పట్నంలో మా అన్న కూతురిది, తోంగ్‌పాల్‌లో కిరాణావాళ్లది, బచేలీ కాలనీలో ఎవరిదైనా, పీట కింద ముగ్గు మహాలక్ష్మే వెయ్యాలి. పీట కింద ముగ్గు లేకుండా ఎవరినీ కూర్చోబెట్టరు కదా. ఆమె తెల్లవారకముందే వెళ్లి కూర్చుని, ఎనిమిది రేకుల తామర వేసి, పసుపు కుంకుమ అద్ది లేస్తుంది. లేవగానే ఎవరో ఒక పిన్నిగారు వచ్చి దాని మీద టెంటు హౌసు పీట ధభీమని పెడుతుంది. అంతే. పురోహితుడు వస్తాడు, పెళ్లికూతురు వస్తుంది, ఫోటోలవాడు వస్తాడు, వెయ్యి ఫోటోలు తీస్తాడు, ఒక్కదాంట్లోనూ ముగ్గు ఉండదు. అందరూ భోజనాలకు పోయాక ఈమె ఒక్కతీ పీట ఎత్తి చూసుకుంటుంది, అడుగున ముగ్గు చెక్కు చెదరకుండా ఉంటుంది, ఎవరూ చూడని ముగ్గు. నేనొకసారి పక్కనే ఉన్నాను. ఆమె బాధపడలేదు, ఆ మాట చెప్పాలి, కొంచెం సేపు చూసుకుని పీట మళ్లీ మెల్లగా దించింది, నిద్రపోతున్న పిల్ల మీద దుప్పటి సర్దినట్టు. బాధపడింది నేను. ఎంత బాగుందో చెప్పబోయి, మాట మార్చి, భోజనాలు మొదలయ్యాయటలే పద అన్నాను.

సింహాచలం వచ్చిన రోజు కూడా ఇలాగే చినుకులు. గనిలో పనిచేసే మనిషి, విజయనగరం వైపువాళ్లు, ఎర్ర దుమ్ము పట్టిన స్కూటరు మా గుమ్మంలో నిలిపి, వెనక వాళ్లమ్మ పైడమ్మను జాగ్రత్తగా దించి, లోపలికి వచ్చాడు. కూతురు దేవిశ్రీ పెళ్లి, మండపానికి పేర్ల అక్షరాలు కావాలన్నాడు, దేవిశ్రీ అనీ వికాస్ అనీ, బంగారు రంగులో. రాసుకుంటున్నాను. ఇంతలో మహాలక్ష్మి, అక్షరాల ఊసే ఎత్తకుండా, "పీటలు ఎవరు చేస్తున్నరు?" అంది. టెంటు వాళ్లవే అన్నాడు. "నేను చేస్త. అద్దం లెక్క ఉంటయి. కింద ముగ్గు కనబడ్తది" అంది. నా కలం ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఈ షాపులో ఎవరేం చెబితే అది చేశాం, దుకాణాల బోర్డులు, పూజ అరలు, టీవీ కింద బల్లలు, డాక్టరుగారి క్లినిక్కు కుర్చీలు, ఒక్కసారి కూడా ఆమె తన మనసులోది అడిగి చేస్తానన్నది లేదు. సింహాచలం తల గోక్కుని, "అద్దం మీదేటమ్మా, పిల్లని కూసోబెట్టేది? పగిలిపోద్దేటో" అన్నాడు. ఇది అద్దం కాదు, ప్లాస్టిక్ జాతిది, ఏనుగు కూర్చున్నా ఏం కాదని నేను మొదలుపెట్టేలోపు పైడమ్మ చెయ్యెత్తి ఆపింది. కళ్లకు మసక ఉన్నా మాటకు లేదు. "సెయ్యి తల్లీ. నాకూ సూడాలనుంది. గానీ ఒక్కటే మాట. ఎంటికంత గీటు అగుపించినా నా మనవరాల్ని పీట మీంచి లేపేస్తాను. బీటేసిన పీట మీద మా ఇంటి పిల్ల కూకోదు." మహాలక్ష్మి సరేనంది. సరేనన్న తర్వాత రాత్రుళ్లు ఎంత నిద్రపోయిందో నాకు తెలుసు. పెళ్లి మండపంలో, అందరి ముందు, పీట బాగాలేదని పెళ్లికూతుర్ని లేపితే, ఆ తర్వాత ఈమె ఇంకెవరి ఇంట్లోనైనా ముగ్గుబుట్ట పట్టుకుంటుందా. పట్టుకోదు. నాకు తెలుసు, ఆమె ఏడవదు, మాట్లాడదు, మానేస్తుంది అంతే. మొదటిసారి నోరు తెరిచి అడిగిన మనిషికి అలా కాకూడదు.

అందుకే ఈ ముక్కలు. పీటను ఆమె ముగ్గు అంచు వెంబడే, ఎనిమిది రేకుల తామరలా కోయాలి మరి. ముందు లేజరుది చూద్దాం. కొత్త బస్టాండు దగ్గర లేజరు పెట్టిన కుర్రాడు మర్యాదస్తుడు, డబ్బులు తీసుకోకుండానే ఒక రేకు కోసి ఇచ్చాడు. దీన్ని వెలుతురుకు పట్టుకుంటే మాత్రం, అబ్బ, నిజం ఒప్పుకోవాలి, అంచు నీళ్లలా ఉంది, గరుకు లేదు, పళ్ల గుర్తు లేదు, వెలుగుతో కోశారు కనుక వెలుగే అంచైనట్టుంది. మనిషి బుర్రకు దండం పెట్టాలనిపిస్తుంది ఇలాంటివి చూస్తే. మా నాన్న ఉండగా కిటికీ గాజు కోయించుకోవడానికి జనం బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు, ఆయన గీత గీసి కింద ఒక్క తట్టు తడితే రెండయ్యేది, జనం ఆహా అనేవాళ్లు. ఈ అంచు చూస్తే ఆయన కూడా ఆహా అనేవాడు. మహాలక్ష్మి మాత్రం అనలేదు. కుర్రాడు కంప్యూటర్లో ఆమె ముగ్గు ఫోటో ఎక్కించుకుని, గీతలు సాపు చేసి, ఒక రేకు అందంగా దిద్ది, దాన్నే ఎనిమిదిసార్లు చుట్టూ తిప్పి అతికించి కాగితం మీద చూపించాడు. చాలాసేపు చూసింది. "బాగుంది. కానీ ఇది నా ముగ్గు కాదు. నా రేకులు అక్కచెల్లెళ్లు. ఇక్కడ ఒక్కతే ఎనిమిదిసార్లు కూసుంది" అంది. ఆమె అన్నది నాతో, కుర్రాడికి తెలుగు రాదు, నేను హిందీలోకి మార్చి చెప్పాను, వాడు నవ్వి, మీరు చెబితే ఎనిమిదీ వేరువేరుగా గీస్తానంకుల్ అన్నాడు. గీస్తాడు కూడా. కాబట్టి లేజరును ఇంకా పక్కన పెట్టలేను, వెలుగు తప్పేం లేదు.

అంచు మీద నా వేలిముద్ర పడింది. గాజు పని చేసేవాడికి వేలిముద్ర చూస్తే ఊరుకోబుద్ధి కాదు, సొరుగులో కరోనా నాటి శానిటైజరు సీసా ఇంకా ఉంది, రెండు చుక్కలు గుడ్డ మీద వేసి తుడిచాను. తుడిచి కిటికీ వైపు తిప్పాను. ముందు నా కళ్లద్దాల మీద ఏదో ఉందనుకున్నాను, తీసి తుడుచుకున్నాను, మళ్లీ చూశాను. అంచు నుంచి లోపలికి, సన్నగా, వెంట్రుకలు. ఒకటి, పక్కనే ఇంకొకటి, చూస్తుండగానే ఇంకో నాలుగు. తాకితే ఏమీ తగలదు, లోపలెక్కడో పుట్టాయి. వెలుగు వేడికి అంచు కాలి, కాలిన ఒత్తిడి లోపల బిగుసుకుని ఉంటుంది కాబోలు, స్పిరిట్ తగలగానే అది బయటపడింది. పెళ్లిలో శానిటైజరు ఎవరు పోస్తారులే అనుకున్నాను, అనుకుంటూనే గుర్తొచ్చింది, సెంటు. పెళ్లికొడుకు తరఫు కుర్రాళ్లు డబ్బాలు డబ్బాలు సెంటు కొట్టుకుని, ఒకరి మీద ఒకరు కొట్టి, చివరికి వధూవరుల మీద కూడా కొడతారు, సెంటంతా స్పిరిటే కదా. పైడమ్మ మసక కళ్లతో వంగి చూస్తుంది, అరచెయ్యి పీట అంచు మీద వేస్తుంది, లెగు తల్లీ అంటుంది. ముక్కను బల్ల మీద బోర్లా పెట్టాను. ఈ సీసా ఈ సొరుగులో ఉండిపోవడం ఎంత మేలైందో.

అయితే నా మిషనే. ఇందులో నాకు కొంత గర్వం ఉంది, దాచుకోను. రౌటరు, అదే ఈ కోత మిషను, వచ్చిన రోజు వీధి వీధంతా వచ్చి చూశారు, బిట్టు గిరగిరా తిరుగుతూ గీసిన చోటల్లా కోసుకుపోతుంటే బుధ్రాం చేతులు జోడించాడు కూడా. బుధ్రాం నాతో ఇరవై ఏళ్ల నుంచీ ఉన్నాడు, నా ఈడువాడే, హల్బీ మాట్లాడతాడు, హిందీ మాట్లాడతాడు, తెలుగు తనకు పూర్తిగా వచ్చని ఊళ్లో చెప్పుకుంటాడు. వచ్చిన తెలుగు ఏపాటిదంటే, మొన్న మిషను ఆపేశాక, ఇవాళ్టికి ఇక చాలు బుధ్రాం అన్నాను, చాలూ అంటే హిందీలో ఆన్ చెయ్యమని కదా, మహానుభావుడు స్విచ్చు వేశాడు, నేను బిట్టు విప్పబోతున్న చేతిని ఎంత వేగంగా లాక్కున్నానో ఆ దేవుడికి తెలుసు. చాలు చాలు అని అరిస్తే ఇంకా స్పీడు పెంచాడు. సరే, మిషను సంగతి. నెమ్మదిగా నడిపితే బిట్టు రాపిడికి యాక్రిలిక్ కరిగి వెనకాలే అతుక్కుంటుంది, వేగంగా నడిపితే అంచు పెచ్చులు లేస్తుంది, రెంటికీ మధ్య ఒక నడక ఉంది, అది పట్టుకుంటాను, పట్టుకోలేనిదేం కాదు. పట్టుకోలేనిది ఇంకొకటి ఉంది. రేకుకూ రేకుకూ మధ్య ఆ సందు. ముగ్గులో అక్కడ రెండు గీతలు కలిసి సూదిమొనలా లోపలికి పోతాయి. బిట్టు గుండ్రం, గుండ్రంగా ఉన్నది మొనలోకి ఎలా దూరుతుంది, ఎంత సన్నది వేసినా సందు మొద్దుగానే మిగులుతుంది, తామర కాస్తా బిస్కెట్టు అవుతుంది. ఎవరు చూస్తారు అనుకున్నాను. అని, వరండా వైపు చూశాను. సరిగ్గా ఆ సందు దగ్గరే ఉంది ఆమె, గీతను లోపలికి తెచ్చి, పిండి చిటికెను కొసకంటా సన్నం చేసి, ఊపిరి బిగబట్టి వదిలింది. ఎవరు చూస్తారని ఆమె ఒక్కసారైనా అనుకుని ఉంటే ఇన్నేళ్లు పీటల కింద అంత ముగ్గు వేసేదా. నాకు సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా ఇష్టం కలిగింది, ఈ వయసులో కలగకూడనంత.

పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. "ఏందండీ, తేలిందా?"

లేజరు ముక్క చేతికిచ్చి కిటికీ వైపు తిప్పమన్నాను. తిప్పింది. వెంట్రుకలు చూసింది. ముక్కను మెల్లగా బల్ల మీద పెట్టింది. "ఎట్లయింది?"

"స్పిరిట్ తగిలితే అయింది. పెళ్లిలో సెంటు కొడ్తరు కదా."

"అయితే మీ మిషను."

"మిషను చేస్తది. కానీ సందులు గుండ్రంగ వస్తయి, లక్ష్మీ."

సరే గుండ్రంగానే కానీయండి అనబోతోందని నాకు అర్థమైంది, ఎప్పుడూ అందరికీ సర్దుకున్నట్టే దీనికీ సర్దుకోబోతోంది, ఆ మాట ఆమె నోటి నుంచి రాకముందే ఏదో ఒకటి చెప్పాలి. ఆమె మిషను దగ్గరికి వెళ్లి, దిగబడిపోయిన బిట్టును చూసి, తుక్కు ముక్కను ఊడదీద్దామని చెయ్యి చాపింది. అది ఇంకా కాలుతూ ఉందేమోనని నాకు తోచి, కంగారులో గట్టిగా, "చల్లారనీ" అని అరిచాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనక గదిలో ఏదో డబ్బా దొర్లిన చప్పుడైంది. ఇనప సామాను కదిలింది. మేమిద్దరం అటు చూశాం. కొంచెంసేపటికి బుధ్రాం దుమ్ము కొట్టుకున్న చేతులతో, నెత్తి మీద బూజుతో, బయటికి వచ్చాడు, చేతిలో చిన్న రంపం, విల్లులా వంగిన చట్రానికి సన్నపళ్ల పట్టీ బిగించినది, మిషను వచ్చాక నేనే అటకెక్కించినది. "లో సేఠ్, ఆరీ" అన్నాడు.

"ఆరీ కౌన్ మాంగా?" అన్నాను, రంపం ఎవరడిగారని.

"ఆప్‌నే. చల్, ఆరీ లా, బోలే నా."

నేనే అన్నానట, చల్, ఆరీ లా. పోయి రంపం తే అని. నేనన్నది చల్లారనీ. మహాలక్ష్మికి నాకంటే ముందు అర్థమైంది, ఆమెకు నాలుగు భాషలు, గొల్లపల్లి నుంచి వచ్చే ఆడవాళ్లతో దొర్లీ భాష కూడా మాట్లాడుతుంది. నవ్వు మొదలైంది, నోటికి పిండి చెయ్యి అడ్డం పెట్టుకుంది, మూతికి పిండి అంటింది, మిషను బల్ల పట్టుకుని వంగి మరీ నవ్వింది, పైడమ్మకు సరేనన్న తర్వాత ఆమె ఇలా నవ్వడం ఇదే మొదలు. తాను చేసిన ఘనకార్యమేమిటో తెలియకపోయినా బుధ్రాం కూడా దర్జాగా నవ్వాడు. నవ్వుతూనే ఆమె రంపం అందుకుంది. పళ్ల మీద బొటనవేలు నడిపింది. నవ్వు ఆగింది. పట్టీని వెలుతురుకు పెట్టి, ఒక కన్ను మూసి, దాని సన్నం చూసింది. "ఇది సందులకు పోతది" అంది.

పోతుంది. ఎందుకు పోదు, దారమంత పట్టీ, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, మొన దాకా పోయి, వెనక్కి వచ్చి, రెండో రేకు వైపు నుంచి మళ్లీ మొనకు వస్తుంది. నెమ్మది, చాలా నెమ్మది, చేతులు పడిపోతాయి, గరుకు మిగులుతుంది, నీళ్లతో ఎమరీ కాగితం పెట్టి రోజులకు రోజులు రుద్దాలి. కానీ వేడెక్కదు. వేడెక్కకపోతే లోపల బిగువు ఉండదు. షీటు మూల, పీటలోకి రాని చోట, వేలెడు ముక్క కోశాను, భుజానికి పాత అలవాటు ఎక్కడికీ పోలేదు, లాగితే తెగుతూ తోస్తే ఆగుతూ. గుడ్డ మీద శానిటైజరు ధారాళంగా పోసి రుద్దాను. కిటికీ దగ్గర ముగ్గురం తలలు ఆనించి చూశాం. బాడిసెలు టక్కు టక్కుమంటున్నాయి. చూశాం. వెంట్రుక రాలేదు. ఇంకోసారి రుద్దాను, రాలేదు. మహాలక్ష్మి తన మెడలో రాసుకునే సెంటు సీసా తెచ్చి అది కూడా పోసింది, ఆ ముక్క ఇప్పుడు పెళ్లివారిల్లులా గుబాళిస్తోంది, అంచు మాత్రం గరుగ్గా, తెల్లగా, నిబ్బరంగా ఉంది.

ముగ్గురం షీటు ఎత్తి వరండాకు మోశాం. మోకాలెత్తు కర్రల మీద, ముగ్గుకు తగలకుండా, మెల్లగా పరిచాం. అప్పుడు చూశాను. నేను ఊహించుకున్నాను గానీ ఇలా అనుకోలేదు. అంత మందం పలక అడుగున ఆమె ముగ్గు, వాన వెలుతురులో, లోతైన నీళ్లలో ఉన్నట్టు, ఎనిమిది రేకులూ, ఒకటి కొంచెం బొద్దుగా, ఒకటి పక్కకు తిరిగి, ఒకటి చిన్నది, అక్కచెల్లెళ్లే. కంప్యూటరు అక్కర్లేదు, ఫోటో అక్కర్లేదు, గీత అక్కడే ఉంది, పైనుంచి కనపడుతూనే ఉంది. ఇంత తెలిసిన విషయం నాకు ఇంతసేపు ఎందుకు తోచలేదో. ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని స్కెచ్ పెన్నుతో, షీటుకు అంటించి వచ్చే పల్చటి ప్లాస్టిక్ పొర మీద, తన గీతను తానే దిద్దుకుంటూ వచ్చింది. ఎంత బాగుంది లక్ష్మీ అన్నాను. ఈసారి మాట మార్చలేదు. ఆమె తలెత్తలేదు, చెవుల దాకా ఎరుపెక్కింది, "వంకర పోతది, మాట్లాడకండి" అంది.

మొదటి సందులో పట్టీ దూర్చాను. ఒక లాగు లాగాను. అంతలో పిండిమర గొల్లుమంది, ఫ్యాను కదిలింది, వెల్డింగు వెలుగు గోడ మీద మెరిసింది, లోపల నా మిషను కీచుమని లేచి, దిగబడ్డ బిట్టును పీక్కోలేక మూలిగింది. బుధ్రాం పరిగెత్తి దాన్ని ఆపి, బిట్టు విడదీసి, సర్ది, స్విచ్చు మీద చెయ్యేసుకుని గుమ్మంలోంచి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"చాలూ?" అని హిందీలో అడిగాడు.

మహాలక్ష్మి నా చేతిలోని రంపాన్ని చూసింది, సందు కొసను చూసింది.

"చాలు" అంది.

బుధ్రాం స్విచ్చు మీంచి చెయ్యి తీసేశాడు.